నీలి నురగలోని ఎర్ర అణువు: సోరియాసిస్‌కు చైనా పైపూత మందు చింగ్ దాయ్

అందరికీ నమస్కారం.

సోరియాసిస్‌కు చైనా వైద్యులు వాడే పైపూతలు చాలా ఉన్నాయి. ఈరోజు వాటన్నిటి జోలికీ పోను. చింగ్ దాయ్ అనే ఒక్క నీలిపొడి గురించే మాట్లాడతాను. అందులో పనిచేసే అణువేదో, గ్రాము ఆయింట్‌మెంట్‌లో అది ఎంత ఉంటే బాగా పనిచేస్తుందో కూడా పరీక్షల్లో తేలింది. మూలికా మందుల్లో ఇంత దూరం వచ్చినవి తక్కువ. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ముందు తయారీ చూద్దాం, ఎందుకంటే మందు గుణమంతా అక్కడే తేలిపోతుంది. మూడు రకాల మొక్కల ఆకుల నుంచి దీన్ని తీస్తారు: స్ట్రోబిలాంథిస్ కుసియా, పర్సికేరియా టింక్టోరియా, ఐసాటిస్ ఇండిగోటికా. ఫుజియన్ రాష్ట్రంలో మొదటి మొక్క నుంచి తీసే పొడికి పేరెక్కువ. ఆకులూ కాడలూ నీళ్లలో రెండు మూడు రోజులు నానబెడతారు. ఆకు కుళ్లి, కాడ మీది తొక్క ఊడిపోయే దశలో పిప్పి తీసేసి, నూరు కిలోల పచ్చి ఆకుకు 8 నుంచి 10 కిలోల చొప్పున సున్నం వేసి గట్టిగా చిలుకుతారు. ముదురు ఆకుపచ్చగా ఉన్న నీళ్లు ఊదా ఎరుపుకు తిరుగుతాయి. అప్పుడు పైకి తేలిన నీలి నురగను తీసి ఎండబెడితే అదే చింగ్ దాయ్.

ఆకులో ఉండేది రంగులేని ఇండికాన్ లాంటి పదార్థం. నానేటప్పుడు అది విడిపోయి ఇండాక్సిల్ వస్తుంది. సున్నంతో నీళ్లు క్షారంగా మారి, చిలకడంతో గాలి కలిసినప్పుడు రెండు ఇండాక్సిల్ అణువులు జతకూడితే నీలం రంగు ఇండిగో అవుతుంది. ఇండాక్సిల్‌లో కొంత మరింత ఆక్సీకరణ చెంది ఐసాటిన్‌గా మారుతుంది. ఆ ఐసాటిన్‌తో ఇంకో ఇండాక్సిల్ కలిస్తే ఎర్రటి ఇండిరుబిన్ వస్తుంది. ఇండిగో, ఇండిరుబిన్ రెండింటి ఫార్ములా ఒకటే, అమరిక వేరు. కంటికి కనిపించేది నీలమే అయినా, సోరియాసిస్ మీద ప్రధానంగా పనిచేసేది ఆ కాస్త ఎరుపు. అందుకని పొడి ఎంత నీలంగా ఉందో చూసి కొనడంలో అర్థం లేదు.

చైనా ఫార్మకోపియా (మందుల ప్రమాణాలు నిర్ణయించే అధికారిక గ్రంథం) ప్రకారం ఇండిగో 2 శాతానికి, ఇండిరుబిన్ 0.13 శాతానికి తగ్గకూడదు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నురగతోపాటు వచ్చిన సున్నమే. సరిగా కడగని పొడి చర్మాన్ని మండిస్తుందంటే కారణం ఇదే. ఆ గ్రంథంలోనే సులువైన పరీక్షలు కూడా ఉన్నాయి. చిటికెడు పొడిని సన్నని మంట మీద కాలిస్తే ఊదా ఎరుపు పొగ రావాలి. అర గ్రాము పొడిని 10 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి కుదిపి వదిలితే నీళ్లు ముదురు నీలంగా మారకూడదు. మారాయంటే నీళ్లలో కరిగే రంగేదో కలిపారన్నమాట, ఎందుకంటే అసలు ఇండిగో నీళ్లలో కరగదు. అయితే ఇవి నకిలీని పట్టిస్తాయి తప్ప ఇండిరుబిన్ ఎంతుందో చెప్పవు. దానికి ల్యాబ్ పరీక్ష కావాల్సిందే.

ఇక సాక్ష్యం సంగతి. తైవాన్‌లోని చాంగ్ గుంగ్ మెమోరియల్ ఆస్పత్రి బృందం 2008లో ప్రచురించిన ట్రయల్‌లో 42 మంది పాల్గొన్నారు. ఒక్కొక్కరి ఒంటి మీద కుడి ఎడమల్లో ఒకేలా ఉన్న జంట మచ్చలను ఎంచుకుని, ఒకదానికి చింగ్ దాయ్ ఆయింట్‌మెంట్, రెండోదానికి మందు లేని బేస్ 12 వారాలు రాశారు. చివరికి మందు రాసిన మచ్చ మొదటి విస్తీర్ణంలో 38.5 శాతానికి తగ్గింది. బేస్ రాసిన మచ్చ 90.4 శాతం దగ్గరే ఉండిపోయింది. 31 మందికి మందు రాసిన మచ్చ పూర్తిగా గానీ, దాదాపు పూర్తిగా గానీ పోయింది. నీలం రంగు వల్ల ఏ వైపు మందు ఉందో రోగికి తెలిసిపోతుంది. కాబట్టి కొలిచేవాళ్లకు మాత్రమే తెలియకుండా ఉంచగలిగారు. సంఖ్య కూడా చిన్నదే. ఈ రెండూ మనసులో పెట్టుకోవాలి. అయినా ఒకే మనిషి ఒంటి మీద, ఒకే కాలంలో పోల్చిన ఫలితం కాబట్టి దానికి బలముంది.

మోతాదు తేల్చడానికి గ్రాముకు 10, 50, 100, 200 మైక్రోగ్రాముల ఇండిరుబిన్ ఉన్న ఆయింట్‌మెంట్లను తర్వాత పోల్చి చూశారు. 200దే పైచేయి అయింది. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 0.13 శాతమంటే గ్రాము పొడిలో 1,300 మైక్రోగ్రాములు. ఒక వంతు పొడికి పది వంతుల బేస్ కలిపితే గ్రాము ఆయింట్‌మెంట్‌లో వచ్చేది సుమారు 118. ఫార్మకోపియా కనీస ప్రమాణం అందుకున్న మంచి పొడితోనే ఇంత. అందులో పదో వంతు ఇండిరుబిన్ ఉన్న నాసిరకం పొడితో చేస్తే 12 దగ్గర ఆగుతుంది, అంటే ట్రయల్‌లోని అట్టడుగు మోతాదు. ఒకరికి తగ్గి, ఇంకొకరికి తగ్గకపోతే వెంటనే వాళ్ల ఒంటి తత్వం అనేస్తాం. అంతకంటే ముందు డబ్బాలో మందు ఎంతుందో అడగాలి.

సోరియాసిస్‌లో పైచర్మపు కణాలు పక్వం కాకుండానే తొందరతొందరగా పుట్టుకొచ్చి పొలుసులవుతాయి. ఇండిరుబిన్ ఆ కణాల విభజనను నెమ్మదింపజేసి, సరిగా పక్వమయ్యేలా చేస్తుంది. అది చర్మకణాల్లో సంకేతాలు అందుకునే ఏరిల్ హైడ్రోకార్బన్ రిసెప్టర్ అనే ప్రొటీన్‌ను తట్టి లేపుతుంది. అమెరికాలో 2022లో సోరియాసిస్‌కు అనుమతి పొందిన టాపినరోఫ్ క్రీమ్ కూడా ఇదే రిసెప్టర్ మీద పనిచేస్తుంది. ఆ అణువు దొరికింది మొక్కలో కాదు, ఒక బాక్టీరియాలో!

వాడే పద్ధతి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి మెత్తగా తుడుచుకోవాలి. పొలుసును గోకి ఊడదీయకూడదు, గాయమైన చోట కొత్త మచ్చ లేస్తుంది. వేలికొన పొడవున ట్యూబ్ నుంచి తీసిన ఆయింట్‌మెంట్ అర గ్రాము ఉంటుంది, అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మచ్చ వరకే పలచగా రాయాలి. దుప్పట్లు, లోదుస్తులు పాతవి వాడండి, మరక వదలదు. చర్మం మీది రంగును ముందు నూనెతో తుడిచి, ఆ తర్వాత సబ్బు వాడాలి. చింగ్ దాయ్‌ను ఆలివ్ నూనెలో వేడిచేసి వడకడితే నీలం చాలావరకు పిప్పిలోనే ఉండిపోయి ఇండిరుబిన్ నూనెలోకి దిగుతుంది. మరక బాధ తగ్గించడానికి ఆ తైవాన్ బృందమే ఈ దారి పట్టింది. గోళ్ల సోరియాసిస్‌కు వాడింది ఈ నూనెనే: గోటికి ఒక్క చుక్క, రోజుకు రెండుసార్లు, నెలల తరబడి. గోరు పెరిగి రావాలి కదా, తొందర కుదరదు. చీముపొక్కులు లేచిన సోరియాసిస్‌కు, ఒళ్లంతా ఎర్రబారిన దశకు ఇది మందు కాదు. అప్పుడు నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి.

నాకు ఎక్కువ బెంగ కల్తీ గురించే. బ్రిటన్‌లో చైనా మూలికల క్రీములు 11 పరీక్షిస్తే వాటిలో 8 క్రీముల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉన్నట్టు 1999లో బయటపడింది. మచ్చలు నాలుగు రోజుల్లో మాయమయ్యాయంటే సంతోషించే ముందు అనుమానించండి. చింగ్ దాయ్‌కి వారాలు పడుతుంది. దొంగచాటుగా కలిపిన స్టెరాయిడ్‌ను తెలియక నెలలు రాసి ఒక్కసారిగా ఆపితే, జబ్బు మునుపటికంటే తీవ్రంగా, కొందరికి చీముపొక్కులతో తిరగబడుతుంది.

ఇదే పొడిని లోపలికి తీసుకోవడం వేరే విషయం. జపాన్‌లో పెద్దపేగు పుండ్లకు మింగినవారిలో కొందరికి ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరిగింది. అక్కడి ఆరోగ్యశాఖ 2016లో హెచ్చరిక జారీ చేసింది. పైపూతగా పనిచేసింది కదా అని కషాయం కాచుకోవద్దు.

మన దగ్గర నీలిమందు ఉంది కదా అని అడుగుతారు. తలకు రంగు వేసుకునే నీలి ఆకు పొడిలో ఇండిరుబిన్ ప్రమాణమేదీ ఉండదు. పైగా నల్లరంగు కోసం పీపీడీ అనే హెయిర్‌డై రసాయనం కలిపి అమ్మేవాళ్లున్నారు, దానికి అలర్జీ వస్తే మచ్చలు రేగుతాయి. బట్టలకు పెట్టే నీలంతో దీనికి సంబంధమే లేదు. చెప్పుకోదగ్గ చుట్టరికం ఉన్నది అంకుడు చెట్టుతో, ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే కర్ర అదే. దాని ఆకులను కొబ్బరినూనెలో వేసి ఎండలో పెడితే నూనె ఊదా రంగుకు తిరుగుతుంది. సిద్ధవైద్యులు సోరియాసిస్‌కు వాడే తైలం ఇదే. ఆ ఆకులో కూడా ఇండిగో, ఇండిరుబిన్ ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. మన ఫార్మసీ కళాశాలల వాళ్లు ఒక పని చేయొచ్చు: లేత ఆకు, ముదురు ఆకు వేరుగా, ఎండ రోజులు మార్చి నూనె తీసి, ఒక్కో సీసాలో గ్రాముకు ఎన్ని మైక్రోగ్రాముల ఇండిరుబిన్ వచ్చిందో కొలవడం. ఆ అంకె చేతికొస్తే ఏ సీసాను ట్రయల్‌కు పంపాలో తెలుస్తుంది.