స్టాన్లీ స్పెన్సర్ బొమ్మల పుస్తకం: రెండు వారాలు చూశాక నా మాట

నమస్తే అండీ. ముందే చెప్పేస్తాను, ఈ పుస్తకం నేను కొన్నది కాదు. ఒక పుస్తకాల షాపు వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. ధరెంత, పేజీలెన్ని అన్నవి మీరు ఈపాటికే చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. తిన్నగా బొమ్మల్లోకి వెళ్దాం.

చిత్రకారుడు స్పెన్సర్ 1891లో ఇంగ్లండ్‌లో థేమ్స్ నది ఒడ్డున కుకమ్ అనే ఊళ్లో పుట్టారు. లండన్‌లో స్లేడ్ ఆర్ట్ స్కూల్లో చేరినా అక్కడ ఉండేవారు కాదు, రోజూ రైలెక్కి ఇంటికి వచ్చేసేవారు. దాంతో తోటి విద్యార్థులు ఆయన్ని 'కుకమ్' అనే పిలిచేవారు. ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు మనలో ఎన్ని లేవు! నాకు అక్కడే ఈయన మన మనిషి అనిపించారు.

ఈ పుస్తకంలో నేను పదేపదే తెరిచింది ఒకటే అధ్యాయం. ఇంగ్లండ్‌లోనే బర్‌క్లేర్ అనే ఊళ్లో ఉన్న శాండమ్ చాపెల్, అంటే చిన్న ప్రార్థనా మందిరం, గోడల మీది బొమ్మలు. మొదటి ప్రపంచ యుద్ధంలో స్పెన్సర్ బ్రిస్టల్‌లోని బ్యూఫోర్ట్ మిలిటరీ ఆసుపత్రిలో వార్డు పనివాడిగా చేశారు. నేల కడగడం, పక్కలు వేయడం, టీ మోయడం. తర్వాత మాసిడోనియాలో సైన్యంతో ఉన్నారు. యుద్ధం అయిపోయాక బెరెండ్ దంపతులు ఆయన బొమ్మల కోసమే ఆ చాపెల్ కట్టించి, యుద్ధం నుంచి జబ్బుతో వచ్చి చనిపోయిన శాండమ్ అనే లెఫ్టినెంట్ పేరు పెట్టారు. ఆ లెఫ్టినెంట్ బెరెండ్ గారి భార్యకు సోదరుడు. 1927 నుంచి 1932 దాకా స్పెన్సర్ అక్కడ పని చేశారు. మొత్తం 19 బొమ్మలు.

యుద్ధ స్మారకం కదా, తుపాకులు, ఫిరంగులు ఉంటాయనుకుంటాం. ఒక్క పోరాటం కూడా లేదు. రొట్టె ముక్కల మీద జామ్ ఉంది. బకెట్లు ఉన్నాయి. నేల తుడిచే బొమ్మలో, యుద్ధంలో మనసు చెదిరిన సైనికుడు ఒకతను నేలమీద పడుకున్నట్టే వాలిపోయి తుడుస్తుంటే, మిగతావాళ్లు రొట్టెల ట్రేలు పట్టుకుని పక్కనుంచి వెళ్లిపోతుంటారు. ఈ పేజీ కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి.

ఇప్పుడు లాకర్లు కడిగే బొమ్మ. పదేళ్ల కిందట ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద స్పెన్సర్ గురించి ఒక చిన్న పాత పుస్తకం కొన్నాను. అందులో ఈ బొమ్మ నలుపు తెలుపుల్లో ఉండేది. వరసగా నల్లటి ఆకారాలు, మధ్యలో ఎవరో మోకాళ్ల మీద. అవి ఏంటో ఎన్నాళ్లు చూసినా అర్థం కాలేదు. ఈ పుస్తకంలో తెరిస్తే, అవి స్నానాల తొట్లు! ముదురు గులాబీ రంగు. రెండు తొట్ల మధ్య ఇరుక్కుని పని చేసుకుంటున్నది స్పెన్సరే. అంత పెద్ద ఆసుపత్రిలో తనకంటూ దొరికిన చిన్న చోటు అది. ఈ ఒక్క పేజీ ప్రింటింగ్ కోసం ఆ ప్రెస్సు వాళ్లకు దండం పెట్టాలి.

నిరుడు మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నేను 11 రాత్రులు వార్డులో ఉన్నాను. తెల్లవారుజామున ఒకావిడ వచ్చి మంచాల కింద తడిగుడ్డ పెట్టేది. అమ్మ చెప్పులు తీసి పక్కన పెట్టి, తుడిచాక మళ్లీ జతగా, అమ్మ కాలు దించగానే దూరేలా తిప్పి పెట్టేది. ఎవరూ చెప్పకుండానే. ఈ అధ్యాయం చూస్తున్నంతసేపూ ఆమె చేతులే గుర్తొచ్చాయి. అలాంటి పనిని గుడి గోడ మీదకి ఎక్కించిన మనిషి ఈయన.

సరే, నాకు కోపం తెప్పించిన విషయం. కుకమ్ చర్చి సమాధుల్లోంచి ఊరివాళ్లు లేచి వస్తున్న బొమ్మ ఉంది కదా, 1924 నుంచి 1927 దాకా వేసింది, ఇప్పుడు లండన్‌లోని టేట్ అనే మ్యూజియం దగ్గరుంది. అసలు బొమ్మ 18 అడుగుల వెడల్పు. ఇక్కడ దాన్ని రెండు పేజీల మీద పరిచారు, మధ్య మడతలో బొమ్మ కొంత మునిగిపోయింది. పుస్తకాన్ని గట్టిగా విప్పితే కుట్టు తెగుతుందేమోనని టెన్షన్. మడిచి పెట్టే ఒక పొడవాటి కాగితం వేస్తే సరిపోయేది. ఇంత ఖరీదైన పుస్తకంలో ఇది క్షమించలేని తప్పు.

పెళ్లిళ్ల కథ మాత్రం త్వరగా దాటేశారు, నేనూ దాటేస్తాను. మొదటి భార్య హిల్డా కార్లైన్‌తో 1937లో విడాకులు, వారం తిరక్కుండానే ప్యాట్రీషియా ప్రీస్‌తో పెళ్లి. ఇల్లు కూడా ఆమె పేరున రాసిచ్చేశారు. ఆ కాపురం నిలవలేదు. 1950లో హిల్డా చనిపోయాక కూడా స్పెన్సర్ ఆమెకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. నేను ఆ పేరా దగ్గర పుస్తకం మూసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

చివర్లో పడవల పోటీ రోజున కుకమ్‌లో క్రీస్తు బోధించే బొమ్మ ఉంది. 1959లో ఆయన పోయేనాటికి పూర్తి కాలేదు. ఒకపక్క రంగు నిండుగా ఉంది, మిగతాచోట ఉత్త కాన్వాసు మీద పెన్సిల్ గీతలు. ఆయన పద్ధతి ఇక్కడ కళ్లకు కడుతుంది. ముందు మొత్తం గీసేసుకుని, తర్వాత కొంచెం కొంచెంగా రంగు నింపుకుంటూ పోవడం. బొమ్మలు నేర్చుకునేవాళ్లు ఈ పేజీని భూతద్దంతో చూడండి. ఆ గీతలు స్పష్టంగా పడ్డాయి.

కొనాలా అంటే, కొనండి. మడత తప్పు తప్పే, అయినా చాపెల్ అధ్యాయం ఒక్కటి చాలు. బరువెక్కువ, ఒళ్లో పెట్టుకుని చదవలేరు. నేను మంచం మీద దిండు వేసి దానిమీద పెట్టుకున్నాను.

మొన్న అమ్మ కూడా అలాగే చూసింది. పక్కలు వేసే బొమ్మ దగ్గర ఆగి, దుప్పటి కప్పుకుని కూర్చున్న రోగిని చూపించి, "వాడి కాళ్ల కింద ఏంట్రా, వేడినీళ్ల సీసానా?" అంది. అవునమ్మా అన్నాను. పేజీ తిప్పబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.