పడవలో పిల్లకు సగం బంగారం

[తెర మీద: పల్చటి బంగారు రేకు, పక్కన చిన్న తక్కెడ]

వియత్నాంలో బంగారాన్ని లుఓంగ్‌లలో తూస్తారు. ఒక లుఓంగ్ అంటే 37.5 గ్రాములు, మన లెక్కలో మూడు తులాల పైమాట. 1978, 79లలో దేశం దాటించే పడవలో పెద్దవాళ్ల చోటుకు పది లుఓంగ్‌ల దాకా అడిగేవారు. పిల్లలకు సగం. బస్సులో అర టికెట్టు లాగన్నమాట.

అంత బంగారం ఎక్కడిది అంటారా? ఏళ్ల తరబడి యుద్ధం చూసిన జనం కాగితం డబ్బును నమ్మరు. ఆ అపనమ్మకం వృథా పోలేదు. కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం 1975లో ఒకసారి, 1978లో మరోసారి నోట్లు మార్చింది. దాచుకున్నవి చిత్తుకాగితాలయ్యాయి. చెల్లుబాటైనది బంగారం ఒక్కటే.

[తెర మీద: వియత్నాం పటం, సైగాన్ దగ్గర ఎర్రచుక్క]

1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తర వియత్నాం కమ్యూనిస్టు సేనల వశమైంది. యుద్ధం ముగిశాక పారిపోవడమేమిటి? పాత ప్రభుత్వంలో పనిచేసినవారిని ‘పునర్విద్య’ పేరుతో నిర్బంధ శిబిరాలకు పంపారు. కొందరు పదేళ్లు దాటినా తిరిగి రాలేదు. నగరాల్లోని కుటుంబాలను ‘కొత్త ఆర్థిక మండలాలు’ అనే బీడు భూములకు తరలించారు. 1978 మార్చిలో ప్రైవేటు వ్యాపారాన్ని రద్దు చేశారు. సైగాన్‌లోని చోలన్ పేటలో చైనా సంతతి వర్తకుల అంగళ్లు ఒక్కసారిగా మూతపడ్డాయి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో చైనాతో యుద్ధం రావడంతో వారి మీద అనుమానం కూడా తోడైంది.

ఇప్పుడు ఏడేళ్ల పిల్ల ఒకతె ఉందనుకుందాం. పేరు పెట్టను. అలాంటి పిల్లలు వేలల్లో ఉన్నారు.

[తెర మీద: చీకటి, నీటి చప్పుడు]

అమ్మమ్మగారి ఊరికి వెళుతున్నామనే ఆమెకు చెప్పారు. నిజం చెబితే పక్కింట్లో అనేస్తుందని భయం. డెల్టా కాలువలో ఒక చిన్న దోనె ఎక్కించారు. దాన్ని ‘టాక్సీ’ అనేవారు. అది తీసుకెళ్లి కలిపే పెద్ద పడవ పేరు ‘పెద్ద చేప’. నది మీద పహరా ఉంటుంది కాబట్టి చంటిపిల్లలకు నిద్రమందు తాగించేవారు. ఏడేళ్ల పిల్లకు మందు అక్కర్లేదు. నోరు మెదపవద్దని వాళ్లమ్మ చెప్పింది, ఆమె మెదపలేదు.

సముద్రం గురించి ఎక్కువ చెప్పను. నది కోసం కట్టిన చేపల పడవలవి. ఇంజన్లు ఆగిపోయేవి, నీళ్లు అయిపోయేవి, థాయ్‌లాండ్ సింధుశాఖలో దొంగలు పదే పదే దోచేవారు. చూసీ చూడనట్టు పోయిన ఓడలూ ఉన్నాయి. 1975, 1995 మధ్య దాదాపు ఎనిమిది లక్షల మంది ఏదో ఒక తీరం చేరారు. మునిగిపోయినవారి అంచనాలూ లక్షల్లోనే ఉన్నాయి.

[తెర మీద: కొండ, కొబ్బరిచెట్లు, రేకులూ టార్పాలిన్లూ కప్పిన గుడిసెలు]

ఇది మలేషియాలోని పులావ్ బిడోంగ్ దీవి. మొత్తం చదరపు కిలోమీటరు ఉంటుందేమో. 4,500 మందికని మొదలుపెట్టిన శిబిరంలో 1979 జూన్ నాటికి 40,000 మంది చేరారు. తాగునీరు కూడా ఒడ్డు నుంచి తేవలసి వచ్చింది. అప్పట్లో ఇక్కడ ఇంటి పేరు కన్నా పడవ సంఖ్య ముఖ్యం. ఏ దేశం ప్రతినిధులు ఎవరిని పిలుస్తారో మైకులో చెప్పేవారు. పిలుపు కోసం నెలలు గడిచేవి.

అదే జూన్‌లో కెనడాలో ఒక ముచ్చట జరిగింది. దేశం 8,000 మందిని తీసుకుంటుందని, అందులో 4,000 మంది వచ్చేశారని ఒట్టావా మేయర్ మారియన్ డ్యూవర్‌కు తెలిసింది. అయితే మిగతా నాలుగు వేలమందినీ మా ఊరే తీసుకుంటుందని ఆమె అనేశారు! జూలైలో ఆ దేశం సంఖ్యను 50,000కు, తర్వాత 60,000కు పెంచింది. అయిదుగురు పెద్దలు కలిస్తే ఒక కుటుంబాన్ని ఏడాదిపాటు పోషించే బాధ్యత తీసుకోవచ్చని అక్కడి అప్పటి చట్టం. వచ్చినవారిలో సగానికి పైగా అలా వచ్చినవారే. ప్రభుత్వం ఒక్కటే పూనుకుంటే ఇంత జరిగేది కాదని నా అభిప్రాయం.

[తెర మీద: మంచు, కొలతకు పెద్దదైన కోటులో ఒక పిల్ల]

మన పిల్ల కుటుంబం కెనడాలో విమానం దిగగానే సైనిక శిబిరంలో చలికోట్లు ఇచ్చారు. ఆరు నెలలకల్లా బడిలో పిల్లకు ఇంగ్లీషు పట్టుబడింది, పగలంతా పనిలో ఉన్న అమ్మానాన్నలకు పట్టుబడలేదు. దాంతో అద్దె కాగితం చదివేది ఆమె, కరెంటు బిల్లు గురించి ఫోను చేసేది ఆమె. అమ్మకు ఎక్కడ నొప్పిగా ఉందో డాక్టరుకు చెప్పేదీ, డాక్టరు ఏమన్నాడో అమ్మకు చెప్పేదీ ఆమే. అందులో కొంత చెప్పకుండా దాచేదీ ఆమే.