సైదులు: మన దక్షిణ తెలంగాణ మొక్కు పేరు

వేదిక మీది పెద్దలకు, రోజూ ఈ గ్రంథాలయానికి వచ్చే పాఠక మిత్రులకు, బడి నుంచి నేరుగా వచ్చిన పిల్లలకు నమస్కారం.

ఈ రోజు ఒకే ఒక్క పేరు గురించి మాట్లాడతాను. ఆ పేరు సైదులు. మిర్యాలగూడలో నిలబడి సైదులు అరుదైన పేరు అంటే మీరు ఒప్పుకోరు. ఈ వీధిలో గట్టిగా పిలిస్తే ఇద్దరు ముగ్గురైనా వెనక్కి తిరుగుతారు. కానీ ఆదిలాబాద్ వెళ్లి చెప్పండి, శ్రీకాకుళం వెళ్లి చెప్పండి, "ఏం పేరన్నారు?" అని మళ్లీ అడుగుతారు. హైదరాబాద్‌లో అయితే తెలిసినవాళ్లు "మీది నల్లగొండా, సూర్యాపేటా?" అంటారు. తెలుగునాట ఒక చిన్న నేల మీద దట్టంగా మొలిచి, ఆ నేల దాటగానే పలచబడిపోయే పేరిది. ఇప్పుడు ఆ నేల మీద కూడా పలచబడుతోంది. నా బాధ అది.

ఈ పేరు పుట్టిల్లు జాన్‌పహాడ్ దర్గా. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది కదా, ఆ చుట్టుపక్కలే ఉంది. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016లో జిల్లాలు విడగొట్టాక సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలం. జాన్‌పాక్ షహీద్, మొహినుద్దీన్ షహీద్ అనే ఇద్దరు అమరులు అక్కడ కొలువై ఉన్నారని భక్తుల నమ్మకం. ఏటా జనవరిలో ఉర్సు, అంటే దర్గా ఉత్సవం, జరుగుతుంది, గంధం ఊరేగింపు చూడటానికి జనం విరగబడతారు. మామూలు శుక్రవారాల్లో కూడా అక్కడ చెట్టు కింద చోటు దొరకదు. వచ్చేవారిలో ముస్లింలు ఉంటారు, అంతకు మించి హిందువులు ఉంటారు. "జాన్‌పహాడ్ పోతున్నాం" అనడం కంటే "సైదుల దగ్గరికి పోతున్నాం" అనడమే మన ఊళ్లలో అలవాటు.

అసలు మాట అరబీలో సయ్యిద్. ప్రభువు, పెద్ద, నాయకుడు అని అర్థం. మహమ్మద్ ప్రవక్త కూతురు ఫాతిమా కొడుకులైన హసన్, హుస్సేన్‌ల వంశం వారికి అది గౌరవ బిరుదు. ఉర్దూలో సయ్యద్ అయింది, మన రైతుల నోట సైదు అయింది. అక్కడితో ఆగిపోతే అరువు మాటగానే మిగిలేది. మనవాళ్లు ఆగలేదు. నరసింహుడి పేరు పెట్టుకున్నప్పుడు ఏం చేస్తారో, సైదుకూ అదే చేశారు. మగపిల్లవాడైతే నరసింహులు, ఆడపిల్లయితే నరసమ్మ, రెడ్ల ఇంట్లో నర్సిరెడ్డి. ఇక్కడ సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి. ఒక్క అక్షరం తేడా లేకుండా అదే పద్ధతి. దర్గాలో ఉన్నది ఇద్దరు కాబట్టి బహువచనం వచ్చిందని వాదించవచ్చు. నాకు మాత్రం అది ఆంజనేయులు, వెంకటేశ్వర్లు అన్నప్పుడు దేవుడికి మనం పలికే మర్యాద అనే అనిపిస్తుంది. పేరులో బహువచనం, క్రియలో ఏకవచనం: సైదులు వచ్చాడు, సైదులు అన్నం తిన్నాడు. తల్లి కోపంతో "ఒరే సైదులూ" అని కేకేసినా ఆ మర్యాద అక్షరం అందులో ఉండనే ఉంటుంది.

ఈ పేరు ఏ ఒక్క కులానికీ చెందినది కాదు. సైదులు గౌడ్ ఉన్నాడు, సైదులు యాదవ్ ఉన్నాడు, తండాలో సైదా నాయక్ ఉన్నాడు, దళితవాడలో సైదమ్మ ఉంది, షేక్ సైదులూ ఉన్నాడు. 2019లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో శానంపూడి సైదిరెడ్డి గెలిచినప్పుడు ఈ పేరు రాష్ట్రమంతా మోగింది. కృష్ణ దాటి పల్నాడు వెళితే సైదా, సైదారావు, సైదయ్య కనిపిస్తారు. నది రెండు రాష్ట్రాలకు హద్దు అయింది గానీ ఈ పేరుకు కాలేదు.

ఇక ఎందుకు పెట్టేవారన్నది చెప్పాలి. అసలు సంగతి ఇదే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

మన అమ్మమ్మల కాలంలో పుట్టిన బిడ్డ బతుకుతుందన్న భరోసా ఏ ఇంట్లోనూ లేదు. లెక్క చెబుతాను. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయారు. అంతకు ముందు ఇంకా ఘోరం. ఇద్దరు ముగ్గురు బిడ్డలను మట్టిలో పెట్టిన తల్లి నాలుగోసారి నెల తప్పినప్పుడు ఏం చేస్తుంది? పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి పెంటయ్య అని పేరు పెట్టిన తల్లులున్నారు. తిని పారేసిన పుల్లాకుల మీద దొర్లించి పుల్లయ్య అన్నవాళ్లున్నారు. ఈ బిడ్డ మాకు అక్కరలేదని మృత్యువుకు చూపించి మోసపుచ్చే ప్రయత్నం అది. ఇంకో దారి మొక్కు. "స్వామీ, ఈ బిడ్డను నిలబెట్టు, నీ పేరే పెట్టుకుంటాను" అని ఒప్పందం. దాని ఫలమే సైదులు. ఆ పేరు మొక్కు చెల్లించిన రసీదు. బిడ్డ బతికి ఉన్నంత కాలం ఆ రసీదు ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది. మొక్కుకునేటప్పుడు ఆ తల్లి ఇది ఎవరి మతం అని అడగలేదు. బిడ్డ నిలవాలి, అంతే.

మొక్కు తీర్చడాన్ని కందూరు చేయడం అంటారు. చూడనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. ట్రాక్టరు ట్రాలీలో చుట్టపక్కాలంతా దిగుతారు. మేకపోతును అక్కడే కోస్తారు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి, ఒక దాని మీద గుండిగలో అన్నం, పక్క పొయ్యి మీద కూర. ఉడికాక మొదటి వడ్డన దర్గాకు. దర్గా సేవ చూసుకునే ముజావర్ ఆ అన్నం ముందు ఫాతెహా ప్రార్థన చదువుతాడు. ఊదు పొగ కళ్లలోకి వస్తుంది, పిల్లలు దగ్గుతారు. తర్వాత నెమలీకల కట్ట బిడ్డ తల మీద ఆనిస్తాడు. పుట్టువెంట్రుకలు తీయించేవారు అక్కడే తీయిస్తారు. ఆ తర్వాతే భోజనాలు.

ఒక శుక్రవారం అలాంటి బంతి పక్కనే కూర్చున్నాను. కొత్తగా గుండు చేయించుకున్న ఏడాది పిల్లవాడు నాయనమ్మ ఒడిలో ఉన్నాడు. నున్నటి తల మీద గంధం రాసి ఉంది, ఆ గంధాన్ని తనే చేత్తో తుడుచుకుని నోట్లో పెట్టుకుంటున్నాడు. పేరేమిటమ్మా అన్నాను. "సైదులు" అంది నాయనమ్మ. పక్కనే విస్తరి వేస్తున్న పిల్లవాడి తండ్రి వెంటనే "విహాన్ అండీ, సైదులు అని ఇక్కడి వరకే" అన్నాడు. నాయనమ్మ మాట్లాడలేదు. ఒడిలోని పిల్లవాడిని "సైదులూ, సైదులూ" అంటూ ఊపుతూనే ఉంది.

ఇప్పుడు జరుగుతున్నది అదే. మొక్కు ఆగలేదు, కందూరు ఆగలేదు, పేరు మాత్రం ఆగిపోయింది. దర్గాలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక్క తరగతిలోనే పెద్ద సైదులు, చిన్న సైదులు, బర్రెల సైదులు అని విడదీసి పిలవాల్సి వచ్చేది. పదవీ విరమణ నాటికి సైదులు అనే పేరు హాజరు పట్టీలో తండ్రి పేరు గడిలోకి జరిగింది. ఇప్పుడు తాత పేరు అయిపోతోంది.

ఒక కారణం మంచిదే. పిల్లలు బతుకుతున్నారు. 2020 లెక్క ప్రకారం తెలంగాణలో శిశు మరణాలు వెయ్యికి 21. కాన్పులు ఆసుపత్రిలో, టీకాలు వేళకు. భయం తగ్గితే మొక్కు తీవ్రత తగ్గుతుంది, అందుకు సంతోషించాలి. జన్మ నక్షత్రం చూసి అక్షరం చెప్పించుకోవడం, ఇంగ్లిషులో పొట్టిగా రాయగలిగే పేరు వెతకడం, ఇవన్నీ కూడా ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు.

పేచీ ఇంకొక దానితో. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి, పేరు సైదులే, నగరంలో అద్దె ఇల్లు వెతుక్కుంటూ వెళితే పేరు వినగానే "మీరు హిందువులా, ముస్లింలా?" అని అడిగారట. ఒకసారి కాదు, వెళ్లిన చోటల్లా. చివరికి స్నేహితుల మధ్య సాయి అయిపోయాడు. అతన్ని నేను తప్పుపట్టను. ఇల్లు దొరకని బాధ అనుభవించింది అతను. కానీ ఆ ప్రశ్న అడిగినవారికి ఈ వేదిక మీది నుంచి జవాబు చెబుతాను: అతను నల్లగొండ వాడు. అతని పేరు నల్లగొండ పేరు. మీరు రెండుగా చీల్చాలనుకున్నదాన్ని అతని నాయనమ్మ, తాత ఒకే మూటగా కట్టి అతనికి ఇచ్చారు.

ఇది ఒక్క సైదులు కథే అనుకోకండి. మన దక్షిణ తెలంగాణలో పేరు వింటే గుడి తెలుస్తుంది. యాదగిరిగుట్ట నుంచి యాదయ్య, యాదమ్మ. పెద్దగట్టు లింగమంతుల స్వామి నుంచి లింగయ్య. పాలమూరు వైపు కురుమూర్తి స్వామి నుంచి కురుమయ్య. ఆలంపూర్ జోగుళాంబ నుంచి జోగులమ్మ. కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి ఉంది, అటువైపు ఊరి పేరునే మనిషికి పెట్టుకుంటారు, బీచుపల్లి అని. నాకు మహా ఇష్టమైన పేరు అది. ఈ పేర్లన్నీ ఒకేసారి వెనక్కి జరుగుతున్నాయి. యాదయ్యకు ఉన్న పెద్ద గుడి అండ సైదులుకు లేదు, పైగా ఆ అనుమానపు ప్రశ్న ఒకటి వెంటపడుతోంది. అందుకే ముందు దీని గురించి మాట్లాడుతున్నాను.

యువ తల్లిదండ్రులకు ఒక మాట. విహాన్ వద్దనను. విహాన్ పక్కన సైదులు ఉండవచ్చు కదా. జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు నమోదుకు ఏడాది వరకు రుసుము లేదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల వరకు గడువుంది. పేరు రాయించేటప్పుడు మొక్కు పేరును కూడా కలిపి రాయించండి. నాయనమ్మ నోట్లో ఉన్న పేరు కాగితం మీద కూడా ఉంటుంది.

పిల్లలకు ఒక పని ఇస్తున్నాను. మీ పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా తీసుకోండి. సైదులు, సైదమ్మ, యాదయ్య, కురుమయ్య, ఇలాంటి పేర్ల కింద గీత గీయండి. వయసు గడి కూడా చూడండి, ఏ వయసు దగ్గర ఆ పేర్లు ఆగిపోయాయో మీకే కనిపిస్తుంది. తర్వాత వాళ్లలో ఎవరి ఇంటికైనా వెళ్లి, ఆ పేరు ఎవరు మొక్కుకుంటే వచ్చిందో అడిగి రాసుకోండి. చెప్పగలిగిన తల్లులు చాలామంది ఎనభై దాటారు, ఈ సెలవుల్లోనే వెళ్లండి.

సభ అయ్యాక నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను, నోటుపుస్తకం తెచ్చుకున్నాను. మీలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి ఎవరున్నా వచ్చి మీ కథ చెప్పండి. ఈ రోజు చెప్పడం కుదరనివారు ఊరి పేరు ఇచ్చి వెళ్లండి, నేనే వస్తాను.