ఈ రచన ఎవరిది?

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ పిల్లల చేత ఇంత ఓపికగా సాధన చేయిస్తున్న గురువులకు, ఆదివారం సాయంత్రం పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, హాలు ఇచ్చిన గ్రంథాలయం వారికి, ఇందాకటి నుంచి మైకు సరిచేయడానికి తంటాలు పడుతున్న తమ్ముడికి, అందరికీ నమస్కారాలు. నన్ను పరిచయం చేసిన మిత్రులు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వారి అభిమానానికి కృతజ్ఞతలు. ఇంకా చెప్పవలసిన మర్యాదలు ఉన్నాయి గాని, పిల్లలు ఆకలి మీద ఉన్నారు. విషయంలోకి వస్తాను.

‘సాధనలో మెలకువలు’ అన్న అంశం ఇచ్చారు. నన్నడిగితే మొదటి మెలకువ ఇది: గిటార్ నేర్చుకునేవాళ్లు సొంతంగా రాయాలి, రాసింది నలుగురి ముందు వాయించాలి. కాబట్టి అంశం తప్పి మాట్లాడుతున్నానని అనుకోకండి. ఇవాళ్టి కార్యక్రమ పత్రం నా చేతిలో ఉంది. పాత కాలపు గిటార్ స్వరకర్తలు సోర్ ఉన్నాడు, జూలియాని ఉన్నాడు, తార్రెగా రెండు మూడు చోట్ల ఉన్నాడు. పిల్లలు చక్కగా వాయించారు. ఆ చిన్నబాబు సోర్ రాసిన ఎట్యూడ్ అనే సాధన ముక్కలో లోపలి స్వరాన్ని చెదరకుండా ఎలా నిలబెట్టాడో మీరంతా విన్నారు. కాని ఈ హాల్లో కూర్చున్నవాళ్లు రాసిన ముక్క ఈ పత్రంలో ఒక్కటీ లేదు. నా బాధ అది.

సోర్ 1778లో బార్సిలోనాలో పుట్టాడు. ఆయన గిటార్ వాయించాడు కాబట్టే గిటార్‌కు రాశాడు. వియన్నాలో జూలియాని అంతే, ఆ తర్వాత తార్రెగా అంతే. వాయించడం, రాయడం వాళ్లకు ఒకటే పని. ఇరవయ్యో శతాబ్దంలో స్పెయిన్ గిటార్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా వచ్చాడు. తొర్రోబా, పోన్సే, కాస్తెల్నువో తెదెస్కో వంటి స్వరకర్తల చేత గిటార్‌కు రాయించాడు, ఆ వాద్యాన్ని పెద్ద పెద్ద సభల్లోకి తీసుకెళ్లాడు. ఆ మేలు గిటార్ పట్టుకున్న ఎవరూ మరచిపోరాదు. అయితే రాసేవారు వేరు, వాయించేవారు వేరు అనే అలవాటు కూడా ఆ కాలంలోనే బలపడింది. గ్రేడ్ పరీక్షలు దాన్ని మన దగ్గర ఇంకా బిగించాయి. జాబితాలో ఉన్నది వాయించు, మార్కులు తెచ్చుకో. ట్రినిటీ కాలేజ్ లండన్ వారి పరీక్షల్లో ఒక ముక్కకు బదులు సొంత రచన వాయించే వీలుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు, ముగ్గురు. వాడుకున్నవాళ్లు? లేరు. చూశారా! తలుపు తీసే ఉంది, పిల్లలను ఆ తలుపు దాకా మనమే తీసుకెళ్లడం లేదు.

తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. త్యాగయ్య తాను కట్టినదే తాను పాడాడు. వాద్యం మాటకొస్తే, ఈమని శంకరశాస్త్రి గారు ఎవరెస్టు ఆరోహణను తలచుకుని వీణ మీద ‘ఆదర్శ శిఖరారోహణం’ రచించారు. తుమ్మెద మీద ‘భ్రమర విన్యాసం’ చేశారు. ఆయన శిష్యులు చిట్టిబాబు గారు వీణ చేత కోయిల కూత కూయించారు. సాహిత్యం లేకుండా, అచ్చంగా వాద్యం కోసమే పుట్టిన రచనలు అవి. తుమ్మెద అన్నాను కదా, పరాగ్వే దేశంలో ఒకాయన గిటార్ మీద తేనెటీగల రచన చేశాడు. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు రాయడం గురించి. ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ వాద్యాల గురించి రాసిన తన గ్రంథంలో, 1844లో, గిటార్ వాయించడం రాకుండా దానికి బాగా రాయడం దాదాపు అసాధ్యమని చెప్పాడు. ఆయనకు గిటార్ వచ్చు, అందుకే ఆ మాట అనగలిగాడు. తీగలు నొక్కడానికి ఎడమ చేతికి ఉన్నవి నాలుగు వేళ్లు. మీటిన మరుక్షణం నుంచి స్వరం సన్నగిల్లుతుంది. వయొలిన్ లాగా కమానుతో లాగి నిలబెట్టడం కుదరదు. గిటార్ రచన ఈ రెండు ఇబ్బందుల్లోంచే పుడుతుంది. ట్రెమొలో అలా వచ్చిందే. బొటనవేలు మంద్ర తీగల మీద నడుస్తూ ఉంటే మిగతా మూడు వేళ్లు ఒకే స్వరాన్ని వెంట వెంటనే మీటుతాయి, ఆ స్వరం సాగుతున్నట్టు మన చెవికి తోస్తుంది. నొక్కకుండా మోగే తీగలు గిటార్‌కు గొప్ప ఆస్తి. ఎడమ చేయి ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్తున్నప్పుడు కూడా అవి మోగుతూనే ఉంటాయి.

నా రచన ఒకటి ఉదాహరణగా చెప్తాను. అది హిందోళ రాగంలో ఉంది. గిటార్ తీగలు మంద్రం నుంచి, పాశ్చాత్య స్వరాల పేర్లలో, ఇ, ఎ, డి, జి, బి, ఇ. ‘ఇ’ని షడ్జమం చేసుకోండి. హిందోళానికి గాంధారం జి, మధ్యమం ఎ, ధైవతం సి, నిషాదం డి. అంటే ఆరు తీగల్లో ఐదు ఎక్కడా నొక్కకుండానే హిందోళంలో మోగుతున్నాయి! మిగిలింది బి. అది పంచమం, హిందోళంలో పంచమం లేదు. ఆ ఒక్క తీగను అర స్వరం పెంచి సి చేశాను. ఇప్పుడు ఆరు తీగల మీదా చేయి ఊరకే జార్చినా హిందోళమే వినిపిస్తుంది. దాని మీద మిశ్రచాపు తాళం, ఏడు లెక్కల నడక పెట్టాను. గమకాల జోలికి పోలేదు. నైలాన్ తీగను పక్కకు లాగితే స్వరం ఉక్కు తీగలో మారినంతగా మారదు, గమకం సగంలో ఆగిపోయి చెవికి ఇబ్బందిగా ఉంటుంది. గిటార్ చేత వీణ వేషం వేయించవద్దని పిల్లలకు ఎప్పుడూ చెప్తాను. వీణలో లేనిది గిటార్‌లో ఏముందో వెతకండి. తీగలు ఒకదానిలో ఒకటి కలిసి మోగడం ఉంది, ఒకేసారి మూడు గొంతులు నడపడం ఉంది. ఇంకో మాట. కొంత రాశాక గిటార్ పక్కన పెట్టి ఆ ముక్కను నోటితో పాడండి. వేళ్లు వాటికి అలవాటైన చోటికే పోతాయి, గొంతుకు ఆ అలవాటు లేదు. పాడలేని చోటు ఉందంటే, అది వేళ్లు రాసిన చోటు.

ఆ హిందోళం రచనను చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో కచేరీకి పెట్టాను. ఊరి పేరు, సంస్థ పేరు చెప్పను. జాబితాలో రచన పేరు, పక్కన నా పేరు రాసి పంపాను. వెళ్లి చూస్తే అచ్చు వేసిన పత్రంలో దాని పక్కన ‘స్పానిష్ జానపద బాణీ’ అని ఉంది! నిర్వాహకుణ్ని అడిగాను. ‘గిటార్ ముక్క కదా సార్, మీ పేరు పొరపాటున పడిందేమో అనుకుని మార్చాం’ అన్నాడు. హిందోళం, మిశ్రచాపు. వాటిని విన్నవాళ్లు ఆ పత్రం చదివి స్పెయిన్ పల్లెపాట విన్నామని ఇళ్లకు వెళ్లారు. వేదిక మీద చెప్పి సరిదిద్దాను. కాని పత్రం పత్రమే, దాచుకున్నవాళ్ల దగ్గర ఇప్పటికీ అలాగే ఉంటుంది. నాకు కోపం నా పేరు పోయినందుకు మాత్రమే అయితే ఇవాళ ఈ సంగతి ఎత్తేవాణ్ని కాను. గిటార్ ముక్క అంటే ఎక్కడో, ఎవరో, ఎప్పుడో రాసినది అయి తీరాలన్న ఆ నమ్మకం ఉందే, దాని మీద నా కోపం. ఆ నమ్మకం ఈ పిల్లల కలాలను పుట్టకముందే విరిచేస్తోంది.

ఇప్పుడు బారియోస్ దగ్గరికి వస్తాను. నాకు ఇచ్చిన సమయంలో సగానికి పైగా అయిపోయిందని తెలుసు. అయినా ఆయన గురించి చెప్పకుండా కూర్చోలేను.

అగుస్తీన్ బారియోస్ 1885లో పరాగ్వేలో పుట్టాడు. గిటార్ కచేరీ సంగీతాన్ని గ్రామఫోను రికార్డులకు ఇచ్చిన తొలివాళ్లలో ఆయన ఒకడు. బాఖ్ వాయించేవాడు, షోపాన్ వాయించేవాడు, వాటి సరసన తన రచనలు పెట్టుకునేవాడు. అప్పట్లో కచేరీ గిటార్‌కు పేగు తీగలు వాడేవారు. ఉక్కు తీగలంటే వీధి వాద్యమని చిన్నచూపు. బారియోస్ ఉక్కు తీగలే కట్టాడు. వాటికి చిన్న రబ్బరు ముక్కలు తగిలించి ఆ కరకుదనం తగ్గించుకున్నాడు. 1918లో ‘ఉన్ సుయెన్యో ఎన్ లా ఫ్లోరెస్తా’ రాశాడు, అడవిలో ఒక కల అని. దానికోసం ఆరో తీగను డికి, ఐదో తీగను జికి దించాడు. అందులో ఒక స్వరం ఇరవయ్యో మెట్టు, అంటే ఫ్రెట్ మీద ఉంటుంది. మామూలు గిటార్‌కు ఉండేవి పంతొమ్మిది మెట్లు! ఇవాళ కొందరు గిటార్ తయారీదారులు ఒకటో తీగ కింద చిన్న మెట్టు ఒకటి అదనంగా పెడుతున్నారు. రచన వచ్చి వాద్యాన్ని మార్చింది. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి.

‘లా కాతెద్రాల్’ చాలామంది విన్నదే. 1921లో రెండు భాగాలుగా రాశాడు. మొదటిది చర్చిలోని ఆర్గన్ లాగా నిండుగా, నెమ్మదిగా నడిచే స్వరగుచ్ఛాలు. రెండోది బయటి వీధిలోని హడావుడి అని చెబుతారు, ఒక్క చోట కూడా ఆగదు. 1938లో హవానాలో దానికి ముందు ఒక ప్రెల్యూడ్, అంటే నాంది లాంటి భాగం కలిపాడు. అంటే పదిహేడేళ్ల తర్వాత మళ్లీ అదే రచన దగ్గరికి వచ్చాడు. తాను రాసినది తానే ఊరూరా వాయిస్తున్నవాడికే ఇది సాధ్యం. వాయిస్తున్న కొద్దీ దానికి ఇంకా ఏం కావాలో వేళ్లకు తెలుస్తుంది.

ఆయనకు జరిగిన మర్యాద వినండి. 1930 దశకంలో ఆయన తన పేరు తిరగేసి ‘నిత్సుగా’ అని పెట్టుకుని, ఈకలు కట్టుకుని, పరాగ్వే అడవుల నుంచి వచ్చిన నాయకుడు మాంగోరేగా వేదిక ఎక్కాడు. లా కాతెద్రాల్ రాసినవాడు ఈకలు కట్టుకుంటే గాని జనం రాలేదా? ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. కొందరు దాన్ని ఆయన పరాగ్వే ఆదివాసులైన గ్వారానీల నుంచి వచ్చిన తన మూలాల పట్ల చూపిన గౌరవం అంటారు, అదీ నిజమే కావచ్చు. కాని వినేవాళ్లు ముందే విని ఉంటే ఆ వేషం అవసరమయ్యేదా? సెగోవియా 1921లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఆయన్ను కలిశాడు. ఆ తర్వాత సుదీర్ఘ కాలం ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేసిన సెగోవియా, బారియోస్ రచన ఒక్కటీ రికార్డు చేయలేదు. సెగోవియా మీద నాకున్న గౌరవం ఇందాకే చెప్పాను. ఇది కూడా చెప్పాలి.

బారియోస్ చివరి ఏళ్లు ఎల్ సాల్వడార్‌లో గిటార్ నేర్పుతూ గడిపాడు. 1944 ఆగస్టు 7న శాన్ సాల్వడార్‌లో పోయాడు. ఆయన ఆఖరి రచన ట్రెమొలో. ఒక ముసలావిడ తలుపు తట్టి దేవుడి పేరు చెప్పి భిక్ష అడిగిందట. ఆ తలుపు చప్పుడు రచన పొడుగునా కింద వినిపిస్తుంది, పైన ట్రెమొలో సాగుతుంది. తలుపు చప్పుడే చాలు! ఏం రాయాలో తెలియడం లేదు సార్ అనే పిల్లలందరికీ నేను ఈ ముక్క వినిపిస్తాను.

ఆయన బతికి ఉండగా అచ్చయినవి కొన్నే. చేతిరాతలు దేశదేశాల్లో మిత్రుల దగ్గర, శిష్యుల దగ్గర చెల్లాచెదురయ్యాయి. ఒకే రచన ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉంది. కొన్నిటిని పాత రికార్డులు విని రాసుకోవలసి వచ్చింది. అమెరికన్ గిటార్ కళాకారుడు రిచర్డ్ స్టోవర్ లాంటివాళ్లు వాటిని పోగుచేశారు. 1977లో గిటార్ విద్వాంసుడు జాన్ విలియమ్స్ పూర్తిగా బారియోస్ రచనలతో ఒక రికార్డు తెచ్చాక గాని ప్రపంచం చెవి పెట్టలేదు. మనిషి పోయిన 33 ఏళ్లకు! ఇప్పుడు పరాగ్వే 50,000 గ్వారానీల నోటు మీద ఆయన బొమ్మ ఉంది.

అందుకే, పిల్లలూ, రాసింది కాగితం మీద పెట్టండి. ఫోనులో రికార్డు చేసి వదిలేయకండి. ఏ స్వరం ఏ తీగ మీద, ఏ వేలుతో అన్నది కూడా రాయండి. ఒకే స్వరం గిటార్ మీద నాలుగు చోట్ల దొరుకుతుంది, నాలుగు చోట్లా నాలుగు రంగుల్లో మోగుతుంది. పైన తేదీ వేయండి. కచేరీలో ఇంకొకటి జాగ్రత్త. ఇతరుల రచన మరచిపోతే తప్పు చేశామని తెలుస్తుంది. సొంత రచన మరచిపోతే అక్కడికక్కడే కొత్తది అల్లేసి గట్టెక్కుతాం, నాలుగు కచేరీలయ్యే సరికి అసలు రచన ఏదో మనకే తెలియదు. అల్లడం మంచి విద్యే. ఫ్రెంచి గిటార్ విద్వాంసుడు రోలాన్ డియెన్స్ ప్రతి కచేరీనీ అప్పటికప్పుడు అల్లినదానితో మొదలుపెట్టేవాడు. కాని ఏది అల్లిక, ఏది రచన అన్న తేడా ఆయనకు స్పష్టంగా తెలుసు.

తీగలు మీటే గోళ్ల గురించి చెప్పమని ఎవరో చీటీ పంపారు. గోరు ఎంత పొడుగుండాలో గురువు గారు మీ చేయి చూసి చెప్తారు, నేను ఇక్కడి నుంచి చెప్పలేను.

నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది పత్రంలో ప్రతి ముక్క పక్కనా రచయిత పేరు, రాసిన సంవత్సరం వేయండి. ప్రతి విద్యార్థి నుంచి ఒక సొంత ముక్క అడగండి, రెండు నిమిషాలదైనా సరే. అచ్చుకు ఇవ్వవలసిన గడువు ఇవాళే ప్రకటిస్తే ఇంకా మంచిది.

ఇంకొక్క మాట. మధ్యాహ్నం వెనక గదిలో ఒక అమ్మాయి మెల్లగా వాయించుకుంటుంటే విన్నాను. ఎవరిదమ్మా అని అడిగితే చాలాసేపు చెప్పలేదు. మిర్యాలగూడలో వాళ్ల నాన్న పని చేసే బియ్యం మిల్లు చప్పుడట. మంద్రంలో ఆరో తీగ ఆగకుండా కొడుతూ ఉంటుంది, పైన తీగను తేలికగా తాకి మీటే హార్మోనిక్స్‌తో చిన్న వరస నడుస్తుంది. పరీక్ష జాబితాలో లేదు కాబట్టి పత్రంలో వేయించలేదట. గురువు గారూ, మీ అనుమతితో ఇప్పుడే వాయించమందాం. అమ్మా, పైకి రా. కుర్చీ, కాలిపీట ఇక్కడే ఉన్నాయి, నా గిటార్ తీసుకో. ఆరో తీగ డికి దించుకో. ముందు నీ పేరు, రచన పేరు మైకులో గట్టిగా చెప్పు, ఆ తర్వాత వాయించు.