గట్టమ్మట పరుగు: గోదావరి డెల్టాలో ఏ గట్టు, ఏ నెల, ఏ వేళ

తెర మీద కనిపిస్తున్నవి లొల్ల లాకులండి, కాలవ నీళ్ళని తలుపులతో ఆపి వదిలే కట్టడాలు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బొబ్బర్లంకలో బయల్దేరిన కోనసీమ పెద్ద కాలవ ఆత్రేయపురం మీదుగా ఇక్కడికొచ్చి పాయలుగా విడిపోతుంది. సినిమా వాళ్ళకి ఇది షూటింగు స్పాటు, రైతుకి నీళ్ళ లెక్క. పరిగెత్తేవాళ్ళకి మాత్రం లాకంటే ఒకటే: ఇక్కడ అవతలి గట్టుకి దాటొచ్చు.

డెల్టాలో రూటు వేయడమంటే ముందు దాటే చోట్లు వెతకడమే. గట్టెక్కి పోతూ ఉంటే ఎదర వంతెన ఎక్కడుందో తెలీదు. అయిదు కిలోమీటర్లనుకున్నది తిరిగొచ్చేసరికి పధ్నాలుగవుతుంది. ముందురోజు రాత్రి ఫోన్లో శాటిలైట్ మ్యాపు తెరిచి లాకులు, వంతెనలు గుర్తు పెట్టుకోండి. మ్యాపులో కాలవకి అడ్డంగా సన్నటి గీత కనబడితే అది వంతెనే అనుకోకండి. చాలాచోట్ల అవి రెండు తాటి దుంగలు పడేసిన దాట్లు. నాచు పట్టి ఉంటాయి, మంచు పడితే సబ్బులా జారతాయి. లాకు తలుపుల మీద నుంచి కూడా దాటొద్దు, పక్కన వంతెన ఉంటుంది.

మామూలుగా కాలవకి ఒక గట్టు మీద తారు రోడ్డు, రెండో గట్టు మీద గ్రావెలో మట్టో ఉంటుంది. చీకట్లో తారు, వెలుతురులో మట్టి. ఈ ఒక్క వరస పాటిస్తే సగం దెబ్బలు తప్పుతాయి. చీకటితో లేచి తారు గట్టు మీద వెళ్ళి, లాకు దాటి, తెల్లారాక మట్టి గట్టు మీద వెనక్కి రండి. జనవరిలో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాక, మే నెలాఖరుకి అయిదున్నరకే. బయల్దేరే టైము దాన్నిబట్టి వెనక్కి లెక్కేసుకోండి.

తారు గట్టులో ఒక చిక్కుంది. వాననీళ్ళు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మీ కుడిచేతి అంచునే పట్టుకుంటే, రెండుసార్లూ కుడికాలే పల్లంలో పడుతుంది. పది కిలోమీటర్లయ్యాక మోకాలి బయటివైపు నొప్పి మొదలవుతుంది, బూట్లు బాలేవనుకుంటాం. బళ్ళు తిరగని వేళయితే నడిమధ్య పరిగెత్తండి. బళ్ళు తిరుగుతుంటే ఎదురొచ్చేవి కనబడేలా కుడి అంచే క్షేమం, అప్పుడు ఆ రోడ్డు మీద దూరం తగ్గించుకోండి.

ఆయ్, కొండ అనేదే లేని ఊళ్ళండి ఇవి. ఎక్కడం దిగడం లేదు కాబట్టి సులువనుకుంటారు. ఇక్కడ కష్టం ఎత్తులో లేదు, కాళ్ళ కింద ఉంది. కాళ్ళ కింద ఏముంటుందో చెప్పేది వ్యవసాయం క్యాలెండరు.

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదులుతారు. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబరు, డిసెంబరు. దాళ్వా (రబీ వరి) కోతలు ఏప్రిల్ ప్రాంతంలో. తర్వాత కాలవలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. కోతల రోజుల్లో తారు గట్టు సగం ధాన్యం ఆరబోతకే పోతుంది. జాగ్రత్తగా చూసుకోవాల్సింది ధాన్యాన్ని కాదు, దాని అంచుని: రాత్రి బరకం (టార్పాలిను) కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్ళు, ఇటుకలు, కొబ్బరి డొక్కలు పెడతారు. పొద్దున్న ధాన్యం ఎత్తేసినా ఆ రాళ్ళు మూడునాలుగు వరసగా అక్కడే ఉండిపోతాయి. చీకట్లో కాలి బొటనవేలికి తగిలేది అదే. ఆరబోసిన గింజల మీద మాత్రం అడుగు వేయకండి. బూటు కింద గోళీల్లా దొర్లుతాయి. పైగా అది ఒకరి ఆరు నెలల కష్టం.

కాలవలు కట్టేసిన రోజుల్లో పూడిక తీసి గట్టు మీదే పోస్తారు. పచ్చిగా ఉన్నప్పుడు మడమ దిగిపోతుంది, ఎండితే రాళ్ళలాంటి పెళ్ళలవుతాయి. మార్చిలో చక్కగా పరిగెత్తిన గట్టు మేలో గుర్తుపట్టలేరు. వానాకాలం వచ్చి, బళ్ళు తిరిగి అణిగేదాకా దాన్ని వదిలేయడమే. సంవత్సరం మొత్తమ్మీద ఎంచుకోమంటే డిసెంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. ఒక్క సంక్రాంతి రోజుల మంచుతోనే జాగ్రత్త. బండివాడికి మీరు కనబడరు, వెనక మిణుకు లైటు పెట్టుకోండి.

మట్టి సంగతి. ఇక్కడిది ఒండ్రు, చాలాచోట్ల నల్లటి జిగురు. తడిగా ఉన్నప్పుడు పది అడుగులు వేసి బూటు తిప్పి చూడండి. అడుగున అట్ట కట్టిందా, వెనక్కి తిరగండి. ఆ అట్ట పెరిగేకొద్దీ కాలు బరువెక్కి పాదం పక్కకి పడుతుంది, తుంటి పట్టేస్తుంది. పళ్ళున్న ట్రైల్ బూట్లయితే ఇంకా అన్యాయం, ఆ సందులన్నీ జిగురుతో పూడిపోతాయి. అవి గ్రావెల్‌కి బాగుంటాయి. ఎండిన గట్టుకి మామూలు రోడ్డు బూట్లు చాలు. వాన వెలిశాక పైమట్టి తెల్లబడేదాకా ఆగండి. టైరు జాడలోనే పరిగెత్తండి, అంచున గడ్డిలోకి పోవద్దు. ఆ గడ్డి కింద పీత బొరియలు, ఎలుక కన్నాలు ఉంటాయి. చీలమండ మెలిపడేది అక్కడే.

గుర్రపుడెక్క అల్లుకున్న కాలవ చీకట్లో పచ్చగడ్డి నేలలా కనబడుతుంది. దాని మీద అడుగేస్తే లోపల నీళ్ళే. పొరపాటున పడితే సిమెంటు లైనింగు ఎక్కడానికి తంటాలు పడకండి, పాకుడు పట్టి జారుతుంది. నీటివాలున కొట్టుకుపోతూ ఒడ్డుకి దగ్గరగా ఉండి, రేవు మెట్లు రాగానే పట్టుకోండి. తూములు, లాకుల పైవైపు మాత్రం నీళ్ళకి దగ్గరగా వెళ్ళకండి, లోపలికి లాగుతుంది.

ఇక ఏటిగట్టు. గోదావరి పాయ గౌతమి ఒడ్డున కపిలేశ్వరపురం నుంచి కోటిపల్లి వైపు వెళ్ళే గట్టు లాంటిది మరొకటి చూపించడం కష్టం. ఒకవైపు లంకలు, రెండోవైపు పల్లంలో వరి, కొబ్బరి. గట్టు దిగి లంకలోకి పుంత పడితే అంతా మెత్తటి ఇసుక ఒండ్రు. పాదాలకి హాయి, వాచీకి బాధ. కిలోమీటరుకి నిమిషం పైనే ఎక్కువ పట్టొచ్చు. అక్కడ టైము చూడకుండా ఊపిరిని బట్టి పొండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా బూట్లు వేసుకునే ముందు ధవళేశ్వరం నీటిమట్టం చూడండి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, అప్పటికి కిందికి పోయేది 10 లక్షల క్యూసెక్కులు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక పడిందంటే లంకల్లోకి దిగొద్దు. వెళ్ళేటప్పుడు పొడిగా ఉన్న కాజ్‌వే వచ్చేటప్పటికి మునిగిపోవచ్చు. తర్వాతి హెచ్చరికలకి ఏటిగట్టునే వదిలేయండి. ఇసుక బస్తాలతో మనుషులు కాపలా కాసే చోట మన పరుగు అడ్డం.

అడవి కావాలంటే రెండు చోట్లు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో చెక్కబాట ఉంది, కానీ అది పరిగెత్తే బాట కాదు. ఎప్పుడూ చెమ్మే, పలకలు జారతాయి, ఎదురుగా పిల్లలతో జనం వస్తుంటారు. బయట పరుగు ముగించుకుని అక్కడ నింపాదిగా నడవండి. రెండోది సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు. నీడ బాగుంటుంది గానీ రాలిన ఆకు కింద వేళ్ళు కనబడవు, అడుగు ఎత్తి వేయాలి. పోటు దిగాక తడి ఇసుక గట్టిగా ఉంటుంది. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు.

కొబ్బరి తోటలో కాయల దింపు జరుగుతుంటే ఆగి, పైనున్నతనికి వినబడేలా కేకేసి దాటండి. భీమవరం, ఉండి వైపు చేపల చెరువుల గట్లు ఎంత నున్నగా కనబడినా ఎక్కొద్దు. అవి సొంత గట్లు, కరెంటు తీగలు నేలమీదే ఉంటాయి, కాపలా కుక్కలు వేరే. ఊరకుక్క వెంటబడితే పరుగు ఆపి, దానివైపు తిరిగి, నడకతో వెనక్కి జరగండి. రక్తపింజర, తాచు మసకచీకట్లో గట్టు మీదకొస్తాయి, టార్చి లేకుండా వెళ్ళొద్దు. కాటు పడితే కోయడం, తాడు బిగించడం చేయకండి. కాలు కదపకుండా కూర్చుని 108కి ఫోను చేయండి.

నీళ్ళ దగ్గర అందరూ చేసే తప్పు బొండాంతో సరిపెట్టడం. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మన ఉక్కలో చెమటతో పోయేది ప్రధానంగా సోడియం. గంట దాటే పరుగుకి లీటరు నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి పట్టుకెళ్ళండి, బొండాం తర్వాత సరదాకి తాగండి. ఎంత తాగాలో తెలియాలంటే బయల్దేరే ముందూ వచ్చాకా తడిబట్టలు విప్పి బరువు చూసుకోండి. దారిలో తాగినదీ కలుపుకుంటే, తగ్గిన ఒక్కో కిలోకి మీ ఒంట్లోంచి పోయింది సుమారు లీటరు.