కువైట్‌లో మా గుడ్ ఫ్రైడే: ఏడు మాటల ఆరాధన

అందరికీ వందనాలు. ఇవాళ గుడ్ ఫ్రైడే. కువైట్‌లో దీనికంటూ ప్రత్యేకంగా సెలవు ఉండదు. కానీ శుక్రవారం ఎలాగూ వారాంతపు సెలవే కాబట్టి మాకు ఇబ్బంది లేదు. గల్ఫ్‌లో ఉండే మనవాళ్ళలో చాలామందికి ఏడాది పొడవునా పెద్ద ఆరాధన శుక్రవారమే. కొత్తలో ఫోన్ చేసి చర్చికి వెళ్ళొచ్చానంటే మా అమ్మ, "ఇవాళ ఆదివారం కాదు కదమ్మా!" అనేది.

మేం వెళ్తున్నది కువైట్ సిటీలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చికి. వందేళ్ళ కిందట అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్లు ఇక్కడ ఆసుపత్రి పెట్టి జనానికి వైద్యం చేశారు. ఆ సేవలోంచి పుట్టిన సంఘం ఇది. చర్చి కట్టింది 1931లో. 1999లో పాస్టర్‌గా అభిషేకం పొందిన ఇమ్మానుయేల్ గరీబ్ గారు కువైట్ దేశస్థులే. ఒకే ప్రాంగణంలో అరబిక్, ఇంగ్లీష్, మలయాళం, తమిళం, తెలుగు, ఇంకా ఎన్నో భాషలవాళ్ళం వేళలు పంచుకుని ఆరాధిస్తాం. ఒక హాల్లోంచి మేం బయటికి వస్తుంటే ఇంకో భాషవాళ్ళు లోపలికి వెళ్తుంటారు.

ఆరాధనలో కెమెరా ఆన్ చేయను. ఇళ్ళల్లో పనిచేసే మా అక్కల్లో చాలామందికి వీడియోలో కనబడటం ఇష్టం ఉండదు. అందుకే లోపల జరిగింది మాటల్లోనే చెబుతాను.

మన ఊళ్ళల్లో లాగే ఇక్కడా పన్నెండు నుంచి మూడింటి వరకు, అందరం తెల్లబట్టల్లో, ఉపవాసంతో. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు ధ్యానిస్తారు. సెలవు దొరకని అక్కల కోసం పుల్పిట్ పక్కన ఒక ఫోన్ పెట్టి వాట్సాప్ కాల్ ఆన్ చేసి ఉంచుతాం. వంట చేసుకుంటూనో బట్టలు ఇస్త్రీ చేస్తూనో వాళ్ళు వింటారు.

మూడో మాట ఈసారి రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక అక్కకి ఇచ్చారు. "అమ్మా, యిదిగో నీ కుమారుడు." అంత బాధలోనూ ప్రభువు తన తల్లిని శిష్యుడైన యోహానుకు అప్పగించిన మాట అది. ఆ అక్క కొడుకు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. వాక్యం చదివి కాసేపు మాట్లాడలేకపోయింది. తర్వాత అంది: "నా కొడుకు కోసం నేను ఇంత దూరమొచ్చి కష్టపడతా ఉండా. వాడు నా బిడ్డ గాబట్టి. నన్ను తిట్టినోళ్ళ కోసం ఒక్క పూట పస్తుండమంటే ఉంటానా? ఆయన మేకులు కొట్టినోళ్ళ కోసమే ప్రాణం పెట్టినాడు."

ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ సిలువను ఇంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు. త్యాగం అంటే ఏంటో ఆ హాల్లో కూర్చున్న తల్లులకి ఒకరు నేర్పక్కర్లేదు. ప్రతి నెలా జీతం ఇంటికి పంపి తమకంటూ ఏమీ మిగుల్చుకోనివాళ్ళు. అలాంటి ఆమే తన ప్రేమకి ఉన్న హద్దు చూపించి, ఆయన ప్రేమ ఆ హద్దు దాటి వచ్చిందని సాక్ష్యం చెప్పింది. రోమా పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు రాసిందీ ఇదే: "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను." నేను మారతాననే హామీ తీసుకుని ఆయన సిలువ ఎక్కలేదు. నేను ఆయన పేరు పలకకముందే నా వెల చెల్లించేశాడు. దీనికి బదులుగా నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. కృతజ్ఞత ఒక్కటే ఉంది. అది నిండుగా ఉంది.

మూడు దాటాక ఉపవాసం విరిచాం. ఊళ్ళో అయితే మజ్జిగ, ఇక్కడ లబాన్ సీసాలు. ఖుబ్బూస్ రొట్టెలోకి పప్పు, ఎవరో తెచ్చిన గోంగూర పచ్చడి. ఈసారి కృతజ్ఞతార్పణ మొత్తం ఒక సిస్టర్ విమానం టికెట్‌కి ఇచ్చాం. వాళ్ళ నాన్నకి ఒంట్లో బాగోలేదు, గోదావరి జిల్లా వెళ్ళాలి. ఆమె ఏ సంఘమని గానీ, మాతో ఎన్నాళ్ళుగా ఉందని గానీ ఎవరూ అడగలేదు. ఆ అక్క మాటలు విన్నాక అడగాలని నాకైతే అనిపించలేదు.

ఈస్టర్ ఆదివారం మాత్రం ఇక్కడ వర్కింగ్ డే. అందుకే డ్యూటీ టైముకి ముందే, తెల్లవారుజామున పునరుత్థాన ఆరాధన పెట్టుకున్నాం. మీ ఊళ్ళో గుడ్ ఫ్రైడే ఎలా జరిగిందో, ఏడు మాటల్లో ఏది మిమ్మల్ని తాకిందో కామెంట్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. ఆ సిస్టర్ వాళ్ళ నాన్నగారి కోసం కూడా ప్రార్థన చేయండి.