కారు ముందు అద్దం: కంపెనీదా, బయటదా? మూలనున్న ముద్ర చూసి తీసుకోండి

నమస్తే అండి. ఇదిగో కెమెరా దగ్గరకి పెడుతున్నా చూడండి, ఈ అంచు నుంచి డ్రైవర్ వైపు దాకా పాకిన గీత కనబడుతుందా, మొన్న 216 హైవేలో చించినాడ బ్రిడ్జి దాటి దిండి వైపు వస్తుంటే ముందు కంకర టిప్పర్ పోతోంది, ఠప్పుమని ఒక్క రాయి తగిలింది. అప్పుడు మినపగుండంత మచ్చే. రెండ్రోజులు వదిలేశాను, మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండెక్కి ఏసీ ఫుల్లుగా పెట్టేసరికి ఇంత పొడుగు సాగిపోయింది. మచ్చగా ఉన్నప్పుడే వెళ్తే రెజిన్ అనే పారదర్శకమైన జిగురు ఎక్కించి ఆపుతారండి, రూపాయి బిళ్ళ కన్నా చిన్నదై, డ్రైవర్ కళ్ళకి ఎదురుగా కాకుండా, అంచుకి దూరంగా ఉంటే చాలావరకు అయిపోతుంది. నాది అంచు దాకా పోయింది కాబట్టి ఇక మార్చడమే.

షోరూమ్‌కి ఫోన్ చేస్తే ఒక రేటు చెప్పారు, అమలాపురంలో గ్లాస్ షాపులో అడిగితే దాదాపు అందులో సగం. ఇక్కడే అందరికీ డౌటు, సగానికి ఇస్తున్నాడంటే డూప్లికేటా అని. అసలు కారు కంపెనీలు అద్దాలు తయారుచేయవండి, మన దేశంలో ఎక్కువగా ఏఐఎస్, సెయింట్ గోబెన్ లాంటి వాళ్ళు చేసి ఇస్తారు, దాని మీద కారు కంపెనీ లోగో పడితే అది ఒరిజినల్. అదే తయారీదారు కారు కంపెనీ లోగో వేయకుండా బయట మార్కెట్‌కి కూడా ఇస్తాడు. అది ఒక రకం. ఎవడు చేశాడో తెలియని అద్దం ఇంకో రకం. ఈ రెండిటినీ కలిపి "బయట గ్లాస్" అనేస్తాం, తేడా మొత్తం అక్కడే ఉంది.

ఆ రెండో రకం నేను వేయించుకున్నా అండి, ఇంతకుముందున్న కారుకి. పగలు ఏమీ తెలీదు. రాత్రి రావులపాలెం నుంచి కొత్తపేట వస్తుంటే ఎదురు లారీ లైటు రెండుగా కనబడేది, ఒక లైటు పక్కన దాని నీడలాగా ఇంకోటి, పుష్యమాసం పొగమంచులో అయితే ఏది లైటో ఏది నీడో తెలిసేది కాదు, ఇంటికొచ్చేసరికి కళ్ళు లాగేసేవి. నాకు చత్వారం వచ్చిందేమో అనుకుని కళ్ళ డాక్టర్ దగ్గరకి కూడా వెళ్ళాను. అద్దం వంపులో తేడా అది. బిగించకముందే పట్టుకోవచ్చు, అద్దాన్ని కొంచెం ఏటవాలుగా నిలబెట్టి అందులోంచి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్నో కొబ్బరి మొవ్వునో చూస్తూ మీ తల మెల్లగా అటూ ఇటూ కదపండి, స్తంభం నీళ్ళలో నీడలాగా మెలికలు తిరిగితే ఆ అద్దం వద్దు.

ఇప్పుడు మూల ముద్ర చూపిస్తా, ఫోకస్ అవుతోందా, ఆ. ఇది తయారీదారు పేరు. ఇది ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అని ఉంటుంది, కారు అద్దాలకి మన స్టాండర్డ్ అదే. ల్యామినేటెడ్ అని కూడా చూడండి, ముందు అద్దం అంటే రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర, అందుకే పగిలినా మీద రాలకుండా అంటుకునే ఉంటుంది. ముద్ర లేకపోతే ఎంత తక్కువకిచ్చినా నేను తీసుకోను, అంతే.

షోరూమ్‌కే వెళ్ళాల్సిన బళ్ళు ఉన్నాయి. మా బావగారి కొత్త కారుకి అద్దం వెనక, మిర్రర్ దగ్గర కెమెరా ఉంది, లేన్ తప్పితే హెచ్చరించి, అవసరమైతే బ్రేకు వేసేది. దానికి కెమెరా ముందు భాగం అద్దం కచ్చితంగా ఉండాలి, పైగా మార్చాక కాలిబ్రేషన్, అంటే కెమెరా గురి మళ్ళీ సరిచేయడం, చేయాలి, ఎక్కడ చేయించినా బిల్లులో కాలిబ్రేషన్ రాసి ఉందా చూసుకోండి. వైపర్ తనంతట తనే తిరిగే రెయిన్ సెన్సర్ బండైనా, సౌండ్ తగ్గించే అకౌస్టిక్ గ్లాస్ అయినా అడిగి అదే రకం తెప్పించుకోవాలి. నా బండికి ఇవేమీ లేవు, కాబట్టి ఐఎస్ఐ ముద్ర ఉన్న బయట గ్లాసే తీసుకున్నా.

ఇన్సూరెన్స్ మాట ఒకటి. గాజుకి తరుగుదల, అంటే పాతబడిందని తగ్గించే సొమ్ము, కొయ్యరండి, రబ్బరు బీడింగ్‌కి మాత్రం 50 శాతం కోస్తారు, 1500 సీసీ దాకా కార్లకి 1000 రూపాయలు మనం పెట్టుకోవాలి, అది దాటితే 2000. కానీ క్లెయిమ్ చేస్తే ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది, 50 శాతం తగ్గింపులో ఉన్నవాళ్ళు వచ్చే ఏడాది కట్టాల్సిన ప్రీమియం, ఈ బిల్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని లెక్కేసుకోండి.

ఇక అసలు సంగతి, అతికించడం. కంపెనీ గ్లాసే తెచ్చినా అతికింపు సరిగ్గా లేకపోతే డబ్బు నీళ్ళపాలే. పాత కారుకి వానాకాలంలో ఎడమ పక్క మ్యాట్ తడిసి కంపు కొట్టేది, విప్పిస్తే చుట్టూ ఫ్రేమ్ మీద బ్లేడు గీతలు, ఆ గీతల వెంబడే తుప్పు. మనది అసలే సముద్రపు గాలి అండి, అంతర్వేది వైపు, ఓడలరేవు వైపు ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, రేకు మీద పెయింటు లేచిన చోట ఉప్పు గాలి తినేస్తుంది, తుప్పు మీద అద్దం అతికించే సీలెంట్ పట్టదు. అందుకని ఈసారి పక్కనే నిలబడి చూశా. పాత గమ్ము పలచగా ఉంచి కోశారు, గీత పడ్డ రెండు చోట్ల ప్రైమర్ పూశారు, సీలెంట్ సిలికాన్ కాదు, పాలీయురేథేన్ ట్యూబు, దాని మీద ఎక్స్‌పైరీ తేదీ నేనే చదివా. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఎడమ పక్కది ఈ అద్దాన్నే ఆనుకుని నిలబడుతుంది, అతుకు ఊడితే అద్దంతో పాటు బయటకి పోతుంది, పక్క సీట్లో మా అమ్మ కూర్చుంటుందండి, నేను ఇంత పట్టుబట్టింది అందుకే.

బండి కదపకుండా ఎన్ని గంటలు ఆగాలో ఆ ట్యూబు మీదే ఉంటుంది. డోర్లు గట్టిగా వేయకుండా, ఒక కిటికీ అంగుళం దించి, టేపు పీకకుండా వదిలేశాం. బండి సాయంత్రం దాకా ఇక్కడే షెడ్డులో ఉంటుంది, నేను బస్సెక్కి ఇంటికెళ్తున్నా. వాన పడ్డ రోజు ఈ బండి మ్యాట్ ఎత్తి చూపిస్తాను.